చెరువు గట్టు గడ్డి - 4వ పాఠం: ఒర విప్పి చూడండి

పోయినసారి ‘గడ్డి కాండం లోపల బోలుగా ఉంటుంది’ అని ఒక్క ముక్కలో చెప్పేశాను. దాని ఫలితం వారమంతా కనిపించింది. ఒకరు బెంగళూరులోని జక్కూరు చెరువు దగ్గర రెల్లు కోసి, లోపల బెండు చూసి, ఇది గడ్డి కాదని రాసుకున్నారు. మరి చెరకు, జొన్న సంగతేమిటని ఇంకొకరు అడిగారు. సరైన ప్రశ్న. రెండూ గడ్డి కుటుంబమే, రెండింట్లోనూ బెండు నిండుగా ఉంటుంది. తప్పు నా వాక్యానిదే. దాన్ని కొట్టేసి ‘ముందు కణుపు చూడు’ అని రాసుకోండి. కణుపుల మధ్య బోలైనా, బెండైనా, కణుపు దగ్గర మాత్రం మూసుకునే ఉంటుంది. అక్కడే ఆకు పుడుతుంది, ఒకటి ఇటు, తర్వాతిది అటు, అంటే రెండు వరసలు. గడ్డిలా కనిపించినా గడ్డి కాని తుంగకైతే ఆకులు మూడు వరసలు. మూడు పలకల కాండం కూడా తుంగకు గుర్తే గానీ, గుండ్రటి కాండమున్న తుంగలూ ఉన్నాయి కాబట్టి నేను వరసలనే నమ్ముతాను. జమ్ము జోలికి పోను, దాని గోధుమరంగు కంకి చూస్తే చాలు.

ఇక అసలు చిక్కు. చాలామంది గాలికి ఊగే పచ్చటి భాగాన్నే ఆకు అనుకుని, కిందిదంతా కాండమని లెక్కేస్తున్నారు. కాదు. ఆకు కణుపు దగ్గర మొదలై, ఒరలా కాండాన్ని చుట్టుకుంటూ పైకి వచ్చి, ఆ తర్వాతే విచ్చుకుంటుంది. అరటి బోదె గుర్తు తెచ్చుకోండి. మనం మాను అనుకునేది ఒకదానిలో ఒకటి దూరిన ఆకు ఒరలే, అసలు కాండమైన దవ్వ లోపలెక్కడో ఉంటుంది. వరి నారూ అంతే, పిడికిట్లో పట్టుకున్నది దాదాపు అంతా ఒరలే. గరిక పరకను పైకి లాగితే కిర్రుమని ఊడి, తెల్లటి లేత మొదలు బయటపడుతుంది కదా. అది కణుపు పైనుండే ఎదిగే భాగం. ఒర దానికి కాపలా. పశువు పైభాగం మేసినా గడ్డి మళ్లీ లేచేది అలాంటి చోట్ల నుంచే.

ఒర ఆకుగా విచ్చుకునే మలుపులో, లోపలివైపు చిన్న నాలుక ఉంటుంది. దాని పేరు లిగ్యూల్. వరిలో పొడుగాటి పల్చటి పొర, కొస రెండుగా చీలి ఉంటుంది. దాని పక్కనే పెరిగే ఊదలో నాలుకే ఉండదు. పూత రాకముందే కలుపు పట్టేయడానికి ఇంతకంటే మంచి గుర్తు నాకు తెలియదు. చెరువుల్లో ఎత్తుగా పెరిగే కిక్కిస గడ్డిలో నాలుక సన్నటి వెంట్రుకల అంచు. ఆకును వెనక్కి వంచి, వెలుతురుకు ఎదురుగా పెట్టి, పదింతలు చూపే భూతద్దంతో చూడండి. ముదురాకుల్లో నాలుక చిరిగిపోయి ఉంటుంది, పై నుంచి రెండో ఆకు తీసుకోండి. సూదితో పొడిచి చూడొద్దు, పొర పాడవుతుంది. నేను గోటితోనే ఒర విప్పుతాను.

అభ్యాసం: ఒకే గట్టు మీద నుంచి పన్నెండు రకాల పరకలు, ఒక్కోదానికి మూడు ఆకులు, మొత్తం ముప్పై ఆరు నాలుకలు బొమ్మ గీయండి. ఫొటోలు వద్దు, గీస్తేనే కన్ను ఆగి చూస్తుంది. బెంగళూరు చెరువుల్లో చాలావాటికి మురుగు చేరుతుంది కాబట్టి నీళ్లలోకి దిగకండి. ఆకును కొస నుంచి మొదలుకు దూయకండి, అంచున ఉండే పళ్లు కొసవైపు తిరిగి ఉంటాయి, వేళ్లు కోసుకుపోతాయి.