పాత లేఅవుట్‌లో ఫ్యాక్టరీ షంటింగ్ యార్డు

ఇంట్లోని హెచ్‌ఓ లేఅవుట్‌కు (హెచ్‌ఓ కొలతలో కట్టిన బొమ్మ రైలుమార్గానికి) ఫ్యాక్టరీ షంటింగ్ యార్డును, అంటే వ్యాగన్లను విడదీసి మళ్లీ వరుసగా కూర్చే చోటును, చేర్చదలిస్తే, పాత పట్టాలను విప్పకముందే కొత్త అమరికను అసలు కొలతలతో కాగితంపై గీసి, బల్లపై పరచి, దానిమీద వ్యాగన్లను నిలబెట్టి చూడాలి. చిన్న స్థలానికి బ్రిటన్‌లో అలన్ రైట్ రూపొందించిన ఇంగిల్‌నుక్ అమరికను మించినది లేదని నా నమ్మకం. అందులో రెండు పాయింట్లు (రైలును ఒక పట్టా నుంచి మరో పట్టాకు మళ్లించే చోట్లు), మూడు సైడింగులు (వ్యాగన్లను నిలిపే పట్టాలు) ఉంటాయి. ఒకదానిలో 5, మిగిలిన రెండింటిలో 3 చొప్పున వ్యాగన్లు పడతాయి. ఇంజను వెనకకూ ముందుకూ జరిగే పట్టా ఇంజనుతోపాటు 3 వ్యాగన్లకు సరిపోవాలి. ఈ పొడవులో పొదుపు చేయరాదు.

బంకతో అతికిన పాత కంకరను గోరువెచ్చని నీటితో నానబెట్టి, పలుచని పుట్టీ బ్లేడుతో పట్టాలను మెల్లగా లేపాలి. కొత్త పట్టాల అతుకుపై గోరు జారిస్తే ఎక్కడా తగలకూడదు. తగిలిన చోట సన్నని ఆకురాయితో అరగదీయాలి. నెమ్మదిగా కదిలే చిన్న ఇంజను ప్లాస్టిక్ ఫ్రాగ్‌పై (పాయింటులో పట్టాలు ఒకదాన్నొకటి దాటే ముక్కపై) కరెంటు అందక ఆగిపోతుంది కనుక, కరెంటు అందే లోహపు ఫ్రాగ్ ఉన్న పాయింట్లనే ఎంచుకోవాలి.