సైనస్ జలుబుకు ఇంటి చికిత్స – మూడో పాఠం: ఉప్పునీటితో ముక్కు కడగడం

పోయిన పాఠంలో ఆవిరి గురించి చెప్పుకున్నాం. పట్టినంతసేపూ హాయిగా ఉంటుంది, కాసేపటికే ముక్కు మళ్లీ బిగుసుకుంటుంది. చిక్కబడ్డ చీమిడి లోపలే ఉండిపోతుంది కదా! దాన్ని కడిగి బయటికి పంపేది ఉప్పునీరు. సైనస్ జలుబుకు ఇంట్లో చేసుకునే వాటిలో నేను దీనికే పెద్దపీట వేస్తాను. యోగా చేసేవాళ్లు జలనేతి అంటారు. చెవి, ముక్కు, గొంతు డాక్టర్లూ చేయమంటారు.

ముందు నీళ్ల సంగతి. ఇక్కడ మాత్రం రాజీ పడొద్దు. కుళాయి నీళ్లు, బోరు నీళ్లు నేరుగా ముక్కులో పోయకూడదు. ఇంట్లో ఫిల్టర్ ఉందిగా, క్యాన్ నీళ్లే వాడుతున్నాంగా అంటారు చాలామంది. అవి తాగడానికి సరే, ముక్కుకు పనికిరావు. చెరువులు, బావుల్లాంటి మంచినీటిలో నేగ్లేరియా ఫౌలెరీ అనే అమీబా ఉండొచ్చు. అది కడుపులోకి పోతే ఏమీ చేయదు. ముక్కులోకి పోతే వాసన నాడి వెంబడి మెదడుకు పాకుతుంది. ఆ జబ్బు చాలా అరుదు, కానీ వస్తే బతికి బయటపడేవాళ్లు కొద్దిమందే. కేరళలో ఈమధ్య వచ్చిన కేసుల గురించి మీరూ వినే ఉంటారు. అందుకని నీళ్లను బాగా తెర్లనిచ్చి, ఆ తర్వాత ఇంకో 5 నిమిషాలు మరిగించండి. మూత పెట్టి చల్లార్చండి. చల్లారాక అందులో పచ్చినీళ్లు కలిపారంటే పడ్డ శ్రమంతా వృథా.

ఇక ఉప్పు. మామూలు నీళ్లు ముక్కులోకి పోతే చురుక్కున మండుతుంది. మన రక్తంలోని ఉప్పదనానికి సరిపడా ఉప్పు కలిపితే మండదు. ఆసుపత్రిలో ఎక్కించే సెలైన్ కూడా అదే పాళ్లలో ఉంటుంది: లీటరుకు 9 గ్రాములు. ఇంటి కొలతలో అర లీటరు నీళ్లకు మెత్తటి ఉప్పు ముప్పావు టీస్పూను. ఒక చిటికెడు వంటసోడా వేస్తే ఇంకా మెత్తగా ఉంటుంది. అయోడిన్ ఉప్పు కొందరికి కాస్త మండుతుందే తప్ప ప్రమాదమేమీ లేదు. మణికట్టు మీద రెండు చుక్కలు వేసుకుంటే వేడీ చల్లదనమూ తెలియకూడదు, అదీ సరైన గోరువెచ్చదనం.

ఇప్పుడు చేతిపని. మొదటిసారి ఖాళీ జలనేతి చెంబుతోనే (పక్కన సన్నటి కొమ్మున్న చిన్న చెంబు) సింకు ముందు నిలబడి సాధన చేయండి. నడుము వంచి, ముఖం సింకులోకి దించి, తల పక్కకు తిప్పండి. ఒక ముక్కుపుటం పైకి, ఇంకోటి కిందికి రావాలి. నోరు తెరిచి నోటితోనే గాలి పీల్చండి. దీన్ని మరిచిపోయినవాళ్లకే ఉక్కిరిబిక్కిరి అవుతుంది. అది అలవాటయ్యాక నీళ్లతో చేయండి. చెంబు కొమ్మును పై పుటానికి ఆనించి మెల్లగా వంపితే, నీళ్లు లోపల వెనకనుంచి తిరిగి కింది పుటంలోంచి ధారగా వస్తాయి. గొంతులోకి ఉప్పగా దిగుతుంటే నుదురు ఇంకాస్త కిందికి దించండి. సగం నీళ్లు ఒకవైపు, సగం రెండోవైపు.

అయ్యాక వంగే ఉండి నీళ్లన్నీ కారనివ్వండి. తర్వాత ఒక్కో పుటం విడివిడిగా, నెమ్మదిగా చీదండి. రెండూ నొక్కిపట్టి గట్టిగా చీదితే నీళ్లు చెవివైపు ఎక్కుతాయి. పడుకునే ముందు కడగకండి. మిగిలిన నీళ్లు దిండు మీద కారతాయి. రెండు పుటాలూ పూర్తిగా దిబ్బడేసి ఉన్నా, చెవి నొప్పిగా ఉన్నా ఆ పూట మానేయండి. ముక్కు ఆపరేషన్ ఈమధ్యే అయినవాళ్లు, పిల్లలకు చేయాలనుకునేవాళ్లు డాక్టర్‌ని అడగకుండా మొదలుపెట్టొద్దు.

మామూలు జలుబు వైరస్ వల్ల వస్తుంది, వారం పది రోజుల్లో తగ్గుతుంది. 10 రోజులు దాటినా తగ్గకపోయినా, తగ్గి మళ్లీ తిరగబెట్టినా డాక్టర్ దగ్గరికి వెళ్లండి. కంటి చుట్టూ వాపు, చూపు రెండుగా కనిపించడం, మెడ బిగుసుకుపోవడం, భరించలేని తలనొప్పి ఉంటే ఆ రోజే వెళ్లాలి. షుగర్ ఉన్నవాళ్లకు ముఖం ఒకవైపు మొద్దుబారినా, ముక్కులోంచి నల్లటి పొక్కు వచ్చినా ఒక్క పూట కూడా ఆగొద్దు. 2021లో బ్లాక్ ఫంగస్ ఎంతమంది కళ్లు తీసుకుపోయిందో మనం చూశాం.

చెంబును ప్రతిసారీ సబ్బుతో కడిగి, మరిగించిన నీళ్లతో తొలిచి, బోర్లించి ఆరబెట్టండి. మిగిలిన ఉప్పునీటిని మర్నాటికి దాచొద్దు. వచ్చే పాఠం ముక్కులో వేసుకునే చుక్కల మీద. ఆక్సీమెటాజోలిన్, జైలోమెటాజోలిన్ చుక్కలు ఇప్పటికే వాడుతున్నవాళ్లు 3 రోజులు దాటనివ్వకండి. అంతకు మించితే ఆ చుక్కల వల్లే దిబ్బడ ముదురుతుంది. ఎందుకో ఆ పాఠంలో చూద్దాం.