పాత పెట్రోలు కారును సింథటిక్ ఆయిల్‌కు మార్చడం ఎలా?

పదిహేనేళ్లు నిండి, రిజిస్ట్రేషన్‌ను మరో ఐదేళ్లకు పొడిగించుకున్న ఆల్టోలు, జెన్‌లు, శాంత్రోలు మన ఊళ్లలో ఇంకా చాలానే తిరుగుతున్నాయి. మొదటి నుంచీ ఇంజిన్‌లో మినరల్ ఆయిలే (ముడిచమురును శుద్ధి చేసి తీసిన మామూలు రకం) పోస్తూ వచ్చిన యజమాని, రసాయన పద్ధతిలో తయారుచేసే సింథటిక్‌కు మారతానంటే, మెకానిక్ సాధారణంగా చెప్పే మాట ఒకటుంది: "వద్దు సార్, లీకేజీ పట్టుకుంటుంది." ఇందులో కొంత నిజం లేకపోలేదు. తొలితరం సింథటిక్ ఆయిళ్లు కొన్ని రకాల రబ్బరు సీళ్లకు పడేవి కావు. ఇప్పటివాటిలో ఆ ఇబ్బంది రాకుండా తగిన రసాయనాలు కలుపుతున్నారు. ఇప్పుడు ఎక్కడైనా కారుతోందంటే, ఆ సీలు ఏనాడో గట్టిపడి బీటలు వారి ఉంటుంది. అంతవరకూ ఆ సందును మూసి ఉంచిన మడ్డిని కొత్త ఆయిల్‌లోని డిటర్జెంట్లు కడిగేయడంతో లోపం బయటపడుతుంది. అందువల్ల ఆయిల్ కొనడానికి ముందే ఇంజిన్ పరిస్థితిని చూసుకోవాలి.

ఇంజిన్ పైనుండే టాపెట్ కవర్ అంచులు, ఆయిల్ ఫిల్టర్ చుట్టుపక్కల, చాంబర్ (ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి) ప్యాకింగ్, ఇంజిన్‌కూ గేర్‌బాక్సుకూ మధ్య భాగం గుడ్డతో శుభ్రంగా తుడిచి, రాత్రికి కారు కింద అట్టముక్క పరచండి. తెల్లవారేసరికి చుక్కలు ఎక్కడ పడ్డాయో చూస్తే లీకు జాడ దొరుకుతుంది. టాపెట్ కవర్ ప్యాకింగ్ అయితే కొద్ది ఖర్చుతో పోతుంది. గేర్‌బాక్సు వైపు క్రాంక్ సీలైతే గేర్‌బాక్సు దింపాల్సిందే కాబట్టి ముందుగా ఆ లెక్క చూసుకోవడం మంచిది. తరువాత ఆయిల్ పోసే మూత విప్పి దాని అడుగు భాగం గమనించండి. తేనెరంగు పొర పలుచగా ఉంటే బెంగలేదు. వేలితో గీస్తే నల్లటి తారులా ముద్దగా వస్తే నేరుగా సింథటిక్‌కు వెళ్లకూడదు. ఆ మడ్డి ఒక్కసారిగా ఊడితే ఆయిల్ పంపు జల్లెడకు అడ్డం పడి, ఇంజిన్‌కు ఆయిల్ అందకుండా పోవచ్చు. ఘాటైన ఫ్లషింగ్ ద్రావకాలు కూడా అదే పని చేయగలవు గనుక నేను వాటిని సమర్థించను. దానికి బదులు మంచి మినరల్ ఆయిల్‌నే ఫిల్టర్‌తో సహా రెండు సార్లు, రెండేసి వేల కిలోమీటర్లకే మార్చడం నిదానమైనా క్షేమకరం. యాక్సిలరేటర్ తొక్కినప్పుడల్లా నీలిపొగ వస్తూ, వెయ్యి కిలోమీటర్లకు లీటరుకు పైగా ఆయిల్ తాగుతున్న ఇంజిన్‌కు కావలసింది పిస్టన్ రింగుల పని. అటువంటిదానిలో సింథటిక్ పోస్తే ఖరీదైన ఆయిల్ పొగగొట్టం గుండా పోవడం తప్ప ప్రయోజనం ఉండదు.

గ్రేడ్ ఎంపికలో పొరపాట్లు ఎక్కువ. డబ్బాపై 10డబ్ల్యు-40 (10W-40) లాగా రాసి ఉండేదే గ్రేడ్. అందులో డబ్ల్యుకు ముందున్న అంకె చలిలో ఆయిల్ ఎంత తేలికగా పారుతుందో చెబుతుంది, వెనకున్నది వేడెక్కిన ఇంజిన్‌లో దాని చిక్కదనాన్ని చెబుతుంది. లంబసింగిలో డిసెంబరు తెల్లవారుజామున తప్ప మనకు మొదటి అంకెతో పెద్దగా పని పడదు. మే నెలలో రామగుండం ఎండకు ట్రాఫిక్‌లో నిలిచిన కారుకు రెండో అంకే ముఖ్యం. సింథటిక్ త్వరగా ఆవిరి కాకుండా, మాడిపోకుండా నిలబడేది కూడా ఆ వేడిలోనే. కారుతో ఇచ్చిన హ్యాండ్‌బుక్‌లో 20డబ్ల్యు-40 లేదా 15డబ్ల్యు-40 అని ఉంటే 10డబ్ల్యు-40 గానీ 5డబ్ల్యు-40 గానీ తీసుకోండి. మైలేజీ ఆశతో 0డబ్ల్యు-20 జోలికి పోవద్దు. డబ్బాపై నాణ్యతా ప్రమాణాన్ని తెలిపే ఎపిఐ ఎస్‌ఎన్ (API SN) లేదా ఎస్‌పి (SP) అని ఉండాలి. జాసో ఎంఏ (JASO MA) అని ఉన్నది, ఆయిల్‌లో మునిగి పనిచేసే తడి క్లచ్ ఉండే మోటారుసైకిళ్ల కోసం చేసినది. పాత అంబాసిడర్ సంగతి వేరు: దానిలో వాల్వులను తెరిపించే క్యామ్, టాపెట్లకు జింకు, ఫాస్ఫరస్ సమ్మేళనాల రక్షణ ఎక్కువగా కావాలి కనుక, ఫాస్ఫరస్ పరిమితి ఉన్న పలుచని కొత్త గ్రేడ్లు దానికి తగవు.

మార్చే రోజున ఇంజిన్‌ను పది నిమిషాలు నడిపి, చదునైన నేలపై హ్యాండ్‌బ్రేక్ వేసి ఆపండి. కింద దూరాల్సి వస్తే ఇటుకలను నమ్మకుండా జాకీ స్టాండ్లు పెట్టండి. పైమూత వదులు చేసి, సరిపడే పానాతో డ్రెయిన్ నట్టు విప్పి, ధార తెగి చుక్కలు పడేదాకా ఆగండి. లోపల మిగిలే కాస్త పాత ఆయిల్ వల్ల హాని లేదు. మినరల్, సింథటిక్ ఒకదానిలో ఒకటి కలుస్తాయి. నట్టుకు కొత్త వాషర్ వేయండి. కొత్త ఫిల్టర్ రబ్బరు రింగుకు వేలితో తాజా ఆయిల్ రాసి, రింగు ఆనిన తరువాత చేత్తోనే మరో ముప్పావు చుట్టు బిగిస్తే చాలు. హ్యాండ్‌బుక్‌లోని కొలత కంటే కొంచెం తక్కువగా పోసి స్టార్ట్ చేయండి. డ్యాష్‌బోర్డులో ఆయిల్ లైటు కొన్ని సెకన్లలో ఆరిపోవాలి, ఆరకపోతే వెంటనే ఆపేయాలి. నిమిషం తరువాత ఇంజిన్ ఆపి, ఐదు నిమిషాలకు ఆయిల్ మట్టం చూపే గేజు తీసి చూసి, పైగీత దాటకుండా నింపండి. ఖాళీ డబ్బాకు రంధ్రం చేసి పారేస్తే నకిలీ సరుకు నింపేవాళ్లకు అది ఉపయోగపడదు. పాత ఆయిల్‌ను మురుగు కాలువలో పోయకుండా, సేకరించి రీసైక్లింగ్‌కు పంపే గ్యారేజీలో ఇవ్వండి.

మొదటి నెలంతా వారానికొకసారి గేజు, కారు కింద అట్టముక్క చూస్తూ ఉండండి. కడిగిన మడ్డి ఫిల్టర్‌లో చేరుతుంది కాబట్టి మొదటి సింథటిక్‌ను నాలుగు వేల కిలోమీటర్లకే ఫిల్టర్‌తో పాటు మార్చాలి. ఆ తరువాత డబ్బాపై ఎన్ని వేలని రాసి ఉన్నా, హ్యాండ్‌బుక్ గడువునే పాటించండి. కారు తక్కువగా తిరిగితే ఏడాదికొకసారి మార్చండి.