కారు షెడ్డులో ఎయిర్ రైఫిల్ బల్ల: సమస్యలు, పరిష్కారాలు

కడపలో మా ఇంటి షెడ్డు రెండు కార్లు ఒకదాని వెనక ఒకటి పట్టేలా కట్టించింది, 13 మీటర్ల పొడవు. కారు ఇప్పుడు వేపచెట్టు కింద ఉంటోంది. షెడ్డులో మా పెద్దమ్మాయి 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ ప్రాక్టీసు చేస్తుంది, అంటే 10 మీటర్ల దూరంలోని టార్గెట్‌ను గాలి ఒత్తిడితో చిన్న సీసపు గుండు (పెల్లెట్) వదిలే తుపాకీతో కొట్టడం. తుపాకీ బాగోగులు చూసే బల్ల నా బాధ్యత.

మొదటి ఏడాది స్కోరు తగ్గిన ప్రతిసారీ పిల్లను అడిగేవాణ్ణి, లేదంటే తుపాకీని అనుమానించేవాణ్ణి. ఏ రోజు ఏం జరిగిందో నోటుబుక్కులో రాయడం మొదలుపెట్టాక అసలు సంగతి తెలిసింది. సగానికి పైగా తప్పులు బల్ల దగ్గరే పుడుతున్నాయి: ఎండ, దుమ్ము, ఫ్యాను గాలి, ఊగే కాలు. అందుకే ఏదైనా తేడా కనిపిస్తే ముందు బల్ల వైపు చూడండి. మార్చేటప్పుడు ఒకసారికి ఒక్కటే మార్చండి. రెండు కలిపి మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు.

తూటాలు ఇంట్లోనే నింపుకునే బల్ల గురించి కూడా కొందరు అడుగుతుంటారు. అమెరికాలో అది పెద్ద హాబీ. మన దగ్గర 1959 నాటి ఆయుధాల చట్టం మందుగుండుకు ఇచ్చిన నిర్వచనంలోనే దాని విడిభాగాలు, దాన్ని తయారుచేసే యంత్రాలు కూడా ఉన్నాయి. లైసెన్సు లేకుండా వాటి జోలికి వెళ్లకూడదు. ఎయిర్ రైఫిల్ సంగతి వేరు. 2016 ఆయుధాల నిబంధనల ప్రకారం 4.5 మి.మీ. బోరు, 20 జౌళ్ల శక్తి దాటనంతవరకు లైసెన్సు అక్కర్లేదు. 10 మీటర్ల పోటీ రైఫిల్ శక్తి 8 జౌళ్ల చుట్టుపక్కల ఉంటుంది. అయినా అది బొమ్మ కాదు, కంటికి తగిలితే కన్ను పోతుంది. బల్ల మీదికి వచ్చే తుపాకీలో పెల్లెట్ లేదని కళ్లారా చూసుకోవాలి. గొట్టం నిండా రంగు తాడు దూర్చి ఉండాలి, మూతి గోడ వైపు ఉండాలి. గాలి నింపిన సిలిండర్‌ను తుపాకీ నుంచి విప్పాకే స్క్రూల మీద చెయ్యి వేయాలి.

తరాజు అంకె నిలవడం లేదు

రైఫిల్ పెల్లెట్ బరువు సుమారు 0.53 గ్రాములు. వాటిని బరువు ప్రకారం వేరుచేయడానికి గ్రాములో వెయ్యో వంతు చూపే చిన్న తరాజు కొన్నాం. మొదటి రోజు ఒకే పెల్లెట్‌ను మూడుసార్లు తూస్తే మూడు అంకెలు వచ్చాయి. 0.531, 0.538, 0.527. తరాజు పాడైందనుకుని తిరిగి ఇచ్చేద్దామనుకున్నాను.

కారణాలు రెండు తేలాయి. ఒకటి ఫ్యాను. బంగారం కొట్లో తరాజు గాజు పెట్టెలో ఎందుకు ఉంటుందో ఆ రోజు అర్థమైంది. ఫ్యాను ఆపి, తరాజు మీద ప్లాస్టిక్ డబ్బా బోర్లించి చూస్తే తేడా సగం తగ్గింది. మిగతా సగం బల్లది. పాత డైనింగ్ టేబుల్ మీద ప్లైవుడ్ పరిచి వాడుతున్నాం, మోచెయ్యి ఆనిస్తే చాలు అంకె కదిలేది.

బల్లకు కడప బండను మించింది మన ప్రాంతంలో లేదు. వంటింటి గట్టు మీద వేసేదే. నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, అంగుళంన్నర మందం ఉన్న బండ తెచ్చాం. బరువు 75 కిలోలు పైనే, నలుగురం కలిసి ఎత్తాం. కింద ఇనుప యాంగిల్ స్టాండు. తీరా నిలబెట్టాక అది కూడా ఊగింది! మా వీధి వెల్డింగ్ అన్న వచ్చి చూసి, "రాయిని అనొద్దు అన్నా, నేల చూడు" అన్నాడు. షెడ్డు కడిగితే నీళ్లు గేటు వైపు జారాలని మేస్త్రీ నేలకు వాటం పెట్టాడు. ఆ వాటం అంతటా ఒకేలా లేదు, నాలుగు కాళ్లూ ఒకే ఎత్తున కోస్తే ఒక కాలు గాల్లోనే ఉంటుంది. కాళ్ల అడుగున నట్లు వెల్డ్ చేసి, వాటిలో పొడవాటి బోల్టులు బిగించాడు. రసమట్టం బండ మీద పెట్టి, బుడగ నడిమికి వచ్చేదాకా బోల్టులు తిప్పాం. ఆ తర్వాత అదే పెల్లెట్‌ను పదిసార్లు తూచాం. తేడా 0.001 దాటలేదు.

బండతో రెండు జాగ్రత్తలు. మీద రబ్బరు మ్యాటు పరవకపోతే తుపాకీ కర్ర అంచులు చెక్కుకుపోతాయి. ఇది సున్నపురాయి జాతి, నిమ్మరసం లాంటి పులుపు పడితే మచ్చ పోదు.

సాయంత్రం 200 బార్, పొద్దునకు 189

అందరికీ ముందు టెన్షన్ పెట్టేది ఇదే, సిలిండర్‌లో గాలి ప్రెషర్ (దాని కొలతే బార్) రాత్రికి రాత్రి తగ్గడం. లీకేజీ అనుకుని ఓ-రింగులన్నీ (జాయింట్లలో గాలి పోకుండా ఆపే రబ్బరు రింగులు) విప్పేస్తారు. ఆగండి. ముందు థర్మామీటర్ చూడండి.

మే నెలలో రేకుల షెడ్డు లోపల సాయంత్రం 45 డిగ్రీలు, తెల్లవారుజామున 28. మూసిన సిలిండర్‌లో గాలి చల్లబడితే ప్రెషర్ తగ్గుతుంది. లెక్క సులువే, డిగ్రీలకు 273 కలపాలి. 45 అంటే 318, 28 అంటే 301. 200ను 301తో హెచ్చవేసి 318తో భాగిస్తే 189 వస్తుంది. ఒక్క చుక్క గాలి కూడా బయటికి పోలేదు. చేతి పంపుతో కొట్టిన వెంటనే సిలిండర్ ఇంకా వేడిగా ఉంటుంది కాబట్టి తగ్గుదల మరింత ఎక్కువ కనిపిస్తుంది. నెమ్మదిగా, మధ్యలో ఆగుతూ నింపాలి. అరగంట చల్లారనిచ్చి అప్పుడు రాసుకోవాలి.

ఈ లెక్కకు రెండో వైపు కూడా ఉంది, అదే నాకు భయం. పొద్దున 28 డిగ్రీల దగ్గర 200 నింపిన సిలిండర్‌ను ఎండలో ఆపిన కారులో వదిలేస్తే, లోపల 60 డిగ్రీలైతే 221 బార్ అవుతుంది. 200 వరకే పనికొచ్చే సిలిండర్‌ను మన ఎండల్లో కారులో ఎప్పుడూ వదలొద్దు. సిలిండర్ మీద గడువు తేదీ కూడా చూసుకోండి. చాలా పోటీ తుపాకుల సిలిండర్లకు తయారీ నుంచి 10 ఏళ్లే. పోటీలో గడువు దాటని సిలిండర్ ఉండేలా చూసుకోవలసిన బాధ్యత షూటర్‌దే.

నిజంగా లీకేజీ ఉందా అంటే, రెండు రోజులు ఒకే వేళకు, ఒకే వేడిలో ప్రెషర్ రాయండి. అప్పుడూ తగ్గుతుంటే సిలిండర్ విప్పి, జాయింట్ల మీద, గేజి చుట్టూ బ్రష్‌తో సబ్బునీళ్లు పూయండి. బుడగ లేచిన చోటే తప్పు. ఆ చోట ఓ-రింగు ఉంటే, గాలి పూర్తిగా వదిలేశాక మార్చి, సిలికాన్ గ్రీజు పల్చగా రాస్తే సరిపోతుంది. కొబ్బరినూనె, ఇంజన్ ఆయిల్ ఎంతమాత్రం వద్దు. ఎక్కువ ప్రెషర్ గాలి ఒక్కసారిగా నొక్కుకుంటే వేడెక్కుతుంది, అక్కడ నూనె ఉంటే అంటుకుంటుంది. లీకేజీ రెగ్యులేటర్ (ప్రతి షాట్‌కూ గాలిని ఒకే ప్రెషర్‌తో వదిలే భాగం) లోపల అని తేలితే ఇంట్లో విప్పొద్దు, సర్వీసుకు పంపండి.

షాట్లు ఒకదాని కింద ఒకటి దిగుతున్నాయి

మొదటి ముప్పై షాట్లు బాగుంటాయి, తర్వాత గ్రూపు (టార్గెట్ మీద చిల్లుల గుంపు) మెల్లగా కిందికి జారుతుంది. పిల్ల అలిసిపోయిందనుకుంటాం.

ముందు గేజి చూడండి. సిలిండర్‌లో ఎంత ఉన్నా రెగ్యులేటర్ ఒకే ప్రెషర్‌తో గాలిని వదులుతుంది. సిలిండర్ ఆ అంకె దగ్గరికి దిగిపోతే దాని చేతిలో ఏమీ ఉండదు, వేగం పడిపోతుంది. సెకనుకు 175 మీటర్లతో వెళ్లే పెల్లెట్ 10 మీటర్లలో సుమారు 16 మి.మీ. కిందికి దిగుతుంది. వేగం 150కి తగ్గితే సుమారు 22 మి.మీ. తేడా 6 మి.మీ. రైఫిల్ టార్గెట్‌లో రింగుకూ రింగుకూ మధ్య 2.5 మి.మీ. కాబట్టి గురి ఏమీ మారకుండానే 10 కాస్తా 8 అవుతుంది. నడిమి చుక్క వెడల్పు 0.5 మి.మీ. మాత్రమే ఉన్న ఆటలో ఇది చాలా పెద్ద నష్టం.

మేం 80 బార్ దగ్గర ఆపి నింపుకుంటాం. మీ తుపాకీ అంకె మాన్యువల్‌లో ఉంటుంది. గేజి నిండుగా ఉన్నా జారుతుంటే అది భంగిమ సంగతి, కోచ్ చూడాలి.

గ్రూపు నాలుగు దిక్కులా చెదురుతోంది

తప్పు తుపాకీదా, షూటర్‌దా అని ముందు తేల్చండి. రైఫిల్‌ను బల్ల మీద సంచికి ఆనించి పది షాట్లు వేయండి. పాత జీన్స్ కాలు కోసి కుట్టి, మొదట కొర్రలు నింపాం. మెత్తగా ఒదిగింది కానీ వారానికే చీమలు పట్టాయి. ఇప్పుడు జల్లించిన ఇసుక. సంచి మీద గ్రూపు ఒకే చిల్లుగా వస్తే తుపాకీ బాగుంది, ఇక బల్లను వదిలేయండి.

అక్కడా చెదిరితే ఈ వరసలో చూడండి. కర్రకూ ఇనుముకూ మధ్య ఉన్న స్క్రూలు. ఎండకు, చలికి అవి వదులవుతాయి. చేతి అంచనాతో బిగించకుండా టార్క్ రెంచ్‌తో (ఎంత బిగువో కొలిచి బిగించే పానా), మాన్యువల్ చెప్పిన అంకెకే బిగించాలి. తర్వాత వెనక సైటు, అంటే గురి చూసే భాగం, వదులుగా ఉందేమో వేలితో కదిపి చూడండి. ఆపైన పెల్లెట్లు. డబ్బా ఒకసారి కింద పడితే చాలు, వెనక పల్చటి అంచులు సొట్టపోతాయి. వాచీలు బాగుచేసేవాళ్లు కంటికి పెట్టుకునే భూతద్దంతో చూస్తే గుండ్రటి అంచు ఒకవైపు అణిగి కనిపిస్తుంది. అవి పక్కన పెట్టేయండి.

బరువు తూచడం కంటే ఈ చూపే ఎక్కువ పనికొస్తుందని నా అనుభవం. తూకానికి అంత శ్రమపడ్డాక ఈ మాట అనడం కష్టంగానే ఉంది, కానీ 10 మీటర్ల దగ్గర సొట్ట చేసే నష్టం మిల్లీగ్రాములు చేయవు. పెల్లెట్ తల వెడల్పు (మి.మీ.లో) కూడా ముఖ్యం. 4.49, 4.50, 4.51 అని డబ్బాల మీద రాసి ఉంటుంది. మూడూ కొద్దికొద్దిగా తెచ్చి సంచి మీద వేసి చూసి, మీ గొట్టానికి నచ్చింది కొనండి. చివరగా గొట్టం. గొట్టం లోపల తుడిచే ఉన్ని ముక్కలు, ఫెల్ట్ పెల్లెట్లు, రెండు మూడు పంపితే నల్లగా వస్తాయి, తెల్లగా వచ్చేదాకా పంపండి.

స్ప్రింగు తుపాకీ నుంచి పొగ, పెద్ద చప్పుడు

ఇది సిలిండర్ లేకుండా స్ప్రింగు, పిస్టన్‌తో గాలిని నొక్కే తుపాకీ సంగతి. నూనె ఎక్కువైంది. పిస్టన్ ముందు చేరిన నూనె నొక్కుడు వేడికి అంటుకుంటోంది. శక్తి పెరిగిందని సంతోషించొద్దు, సీలు కాలిపోతుంది. పిస్టన్ ముందున్న గాలి రంధ్రంలో నూనె వేయడం మానేయండి, కొన్ని షాట్లకు తగ్గకపోతే మెకానిక్‌కు ఇవ్వండి. చప్పుడు మామూలుగానే ఉండి బలం తగ్గితే, గొట్టం మడిచే చోట పల్చటి టిష్యూ ముక్క పెట్టి కాల్చండి. టిష్యూ ఎగిరితే అక్కడి సీలు మార్చాలి.

కడప ఎండలో తుప్పా?

ఎండాకాలంలోనే పట్టింది మాకు. కారణం ఎయిర్ కూలర్. అది తడి గాలిని నేరుగా బల్ల మీదికి కొడుతోంది. దానికి తోడు చెమట చేతులు. కూలర్‌ను షూటర్ వైపు తిప్పాం, తుపాకీని పెట్టెలో సిలికా జెల్‌తో పెడుతున్నాం, వాడాక ఇనుము భాగాలను నూనె గుడ్డతో తుడుస్తున్నాం.

పెల్లెట్ వెనక్కి ఎగిరి వస్తోంది, చేతులు నల్లబడుతున్నాయి

మిగిలిన కడప బండ ముక్కను టార్గెట్ వెనక నిలబెట్టాలని మీకూ అనిపించవచ్చు. వద్దు. పెచ్చులు లేస్తాయి, పెల్లెట్ తిరిగి వస్తుంది. లోపల ముందుకు వంచిన ఇనుప రేకుతో పెల్లెట్‌ను కిందికి దించే పెట్టె చేయించండి. టార్గెట్ నడిమి భాగం నేల నుంచి 1.40 మీటర్ల ఎత్తులో ఉండాలి. షెడ్డులో ఉన్న అందరికీ కళ్లద్దాలు ఉండాలి, పక్క తలుపుకు లోపలి నుంచి గడియ.

చేతుల మీది నలుపు సీసం. కంటికి కనిపించేది కొంచెమే, పెట్టె చుట్టూ పడిన పొడి ఎక్కువ. పొడి చీపురుతో ఊడిస్తే అది గాల్లోకి లేస్తుంది. తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డను వేరే సంచిలో కట్టేయండి. పెట్టెలో పడిన సీసాన్ని మూత డబ్బాలో పోసి ఉంచి, నిండాక పాత సామాన్ల కొట్టుకు సీసమని చెప్పి ఇవ్వండి. బల్ల మీద మంచినీళ్ల సీసా, మురుకుల ప్లేటు ఉండకూడదు. మా ఇంట్లో చిన్నది అక్క దగ్గరికి పరుగెత్తుకొస్తుంది. అందుకే షెడ్డు గడప అవతల కుళాయి పెట్టించి, సబ్బు బిళ్లను తాడుకు కట్టి వేలాడదీశాను. చేతులు కడుక్కున్నాకే పెద్దమ్మాయి చెల్లెల్ని ఎత్తుకుంటుంది.