క్లినికల్ నమూనాలో వైరస్‌ను గుర్తించే బయోసెన్సర్ తయారీ, పరీక్ష

బయోసెన్సర్ అంటే యాంటీబాడీ వంటి జీవపదార్థంతో లక్ష్యాన్ని పట్టుకుని, ఆ విషయాన్ని విద్యుత్ సంకేతంగా తెలిపే పరికరం. శుద్ధమైన బఫర్‌లో (ఆమ్లత స్థిరంగా ఉండే ద్రావణంలో) కలిపిన వైరస్ ప్రోటీన్‌ను గుర్తించడం బయోసెన్సర్‌కు పెద్ద పరీక్ష కాదు. లాలాజలంలోని మ్యూసిన్ అనే జిగట ప్రోటీన్, రక్తరసిలో లీటరుకు 35 నుంచి 50 గ్రాముల వరకు ఉండే ఆల్బుమిన్ ప్రోటీన్ సెన్సర్‌లో సంకేతాన్ని అందుకునే ఎలక్ట్రోడ్‌ను కప్పేస్తుండగా, వాటి నడుమ కొద్దిపాటిగా ఉన్న వైరస్‌ను పట్టుకోవడమే అసలు పని. అందువల్ల తయారీకి ముందే నమూనా సంగతి తేల్చుకోవాలి.

భద్రత కోసం వైరస్‌ను నిర్వీర్యం చేసే పద్ధతి, సెన్సర్ వెతికే లక్ష్యం ఒకదానికొకటి సరిపడాలి. ట్రైటాన్ ఎక్స్-100 వంటి డిటర్జెంట్ వైరస్ కొవ్వు పొరను ఛేదిస్తుంది కనుక లోపల జన్యుపదార్థాన్ని అంటిపెట్టుకుని ఉండే న్యూక్లియోక్యాప్సిడ్ ప్రోటీన్‌ను వెతికేవారికి అది మేలు చేస్తుంది. చెక్కుచెదరని వైరస్ కణాన్ని పట్టదలచినవారికి అదే కీడు. పీసీఆర్ (జన్యుపదార్థాన్ని అనేక రెట్లు పెంచి గుర్తించే పరీక్ష) కోసం గ్వానిడిన్ అనే రసాయనం కలిపిన ద్రావణాల్లో సేకరించిన నమూనాలు యాంటీబాడీ సెన్సర్‌కు పనికిరావు, ఎందుకంటే గ్వానిడిన్ ప్రోటీన్ల ఆకృతినే చెడగొడుతుంది.

ఇక ఎలక్ట్రోడ్ విషయం. బంగారు ఎలక్ట్రోడ్‌ను పలుచని సల్ఫ్యూరిక్ ఆమ్లంలో ఉంచి, వోల్టామెట్రీలో (వోల్టేజీని మారుస్తూ విద్యుత్ ప్రవాహాన్ని కొలిచే పద్ధతిలో) వచ్చే వరుస వక్రరేఖలు ఒకదానిపై ఒకటి పడేదాకా శుభ్రపరచాలి. తరువాత దానిపై కార్బాక్సిల్ (ఆమ్ల) కొసలున్న థయోల్ పొరను, అంటే బంగారానికి అంటుకునే గంధక అణువుల పొరను, ఏర్పరచి, ఈడీసీ, ఎన్‌హెచ్‌ఎస్ అనే జోడింపు రసాయనాలతో ఆ కొసలను ఉత్తేజపరచి, యాంటీబాడీని జతచేయాలి. ఈ దశలో ట్రిస్ బఫర్ వాడకూడదు. అందులోని అమైన్ సమూహాలు యాంటీబాడీకి దక్కవలసిన స్థానాలను ఆక్రమిస్తాయి. మిగిలిన చురుకైన కొసలను ఇథనోలమైన్‌తో మూసివేసి, ఖాళీలను ఆల్బుమిన్‌తో నింపాలి.

కొలతకు ఎలక్ట్రోడ్‌తో ఎలక్ట్రాన్లను ఇచ్చిపుచ్చుకునే ఫెర్రిసయనైడ్, ఫెర్రోసయనైడ్ జంటను వాడితే, వైరస్ అంటుకున్న కొద్దీ ఎలక్ట్రాన్ల రాకపోకలకు నిరోధం పెరుగుతుంది. ఏ రెండు ఎలక్ట్రోడ్లూ ఒకేలా ఉండవు కాబట్టి నిరోధాన్ని కాక, నమూనా వేయకముందున్న విలువతో పోలిస్తే అది ఎంత శాతం పెరిగిందో లెక్కించడం ఉత్తమం. సంబంధం లేని యాంటీబాడీతో మరో ఎలక్ట్రోడ్‌ను పక్కనే నడిపి దాని సంకేతాన్ని తీసివేయాలి. నా దృష్టిలో ఇది తప్పనిసరి, ఎందుకంటే ఇది లేకుండా మ్యూసిన్ అంటుకున్నా వైరస్ దొరికినట్టే కనిపిస్తుంది.

ఎలక్ట్రోడ్‌కు బదులు ఫీల్డ్ ఎఫెక్ట్ ట్రాన్సిస్టర్‌ను (ఉపరితలం దగ్గరి విద్యుదావేశాన్ని బట్టి ప్రవాహం మారే పరికరాన్ని) ఎంచుకున్నవారికి ఇంకో చిక్కు ఉంది. శరీర ద్రవాలంత ఉప్పదనం ఉన్న ద్రావణంలో విద్యుదావేశ ప్రభావం ఉపరితలం నుంచి సుమారు 0.7 నానోమీటర్లలోనే సన్నగిల్లుతుంది. యాంటీబాడీ పొడవు దాదాపు 10 నానోమీటర్లు కనుక, దాని కొసన చిక్కిన వైరస్ ఆ పరిధికి బయటే ఉండిపోతుంది. నమూనాను పలుచన చేస్తే ఆ దూరం పెరుగుతుంది గాని వైరస్ సాంద్రత కూడా తగ్గిపోతుంది.

సంకేతం ఎంత ఉంటే వైరస్ ఎంత ఉన్నట్టో చూపే క్రమాంకన రేఖను బఫర్‌లో కాక, వైరస్ లేదని తేలిన పలువురి నమూనాలలో తెలిసిన పరిమాణాలు కలిపి గీయాలి. ఖాళీ నమూనాల సగటుకు ప్రామాణిక విచలనానికి మూడు రెట్లు కలిపితే గుర్తింపు పరిమితికి (సెన్సర్ పసిగట్టగల కనిష్ఠ స్థాయికి) తగిన సంకేతపు తొలి అంచనా వస్తుంది. ఇన్‌ఫ్లుయెంజా ఏ, బీ వంటి ఇతర వైరస్‌లకు సెన్సర్ స్పందించడం లేదని విడిగా చూపాలి. చివరగా, కొలిచేవారికి ఆర్‌టీ-పీసీఆర్ (ఆర్‌ఎన్‌ఏను గుర్తించే పీసీఆర్) ఫలితం తెలియనివ్వకుండా రోగుల నమూనాలను సెన్సర్‌తో పరీక్షించి, రెండు ఫలితాలనూ పోల్చాలి. సున్నితత్వాన్ని (వైరస్ ఉన్న నమూనాల్లో ఎన్నింటిని సెన్సర్ పట్టిందో) ఒకే సంఖ్యగా కాక సీటీ విలువల శ్రేణుల వారీగా నివేదించాలి. సీటీ అంటే పీసీఆర్‌లో సంకేతం కనిపించడానికి పట్టిన చక్రాల సంఖ్య; అది తక్కువైతే వైరస్ ఎక్కువున్నట్టు. వైరస్ ఎక్కువగా ఉన్న నమూనాలనే ఏరుకుంటే ఏ సెన్సరైనా గొప్పగానే కనిపిస్తుంది.