టెలిస్కోప్ సమయం అడిగే ముందు: కొత్త సీజన్‌కు జాగ్రత్తలు

వానలు తగ్గి ఆకాశం తేటపడగానే నైనితాల్ జిల్లా దేవస్థల్‌లో 3.6 మీటర్ల టెలిస్కోప్ డోమ్ మళ్లీ తెరుచుకుంటుంది. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా అక్కడ పరిశీలనలు ఉండవు. మిగిలిన ఎనిమిది నెలలను రెండు సైకిళ్లుగా పంచుతారు: అక్టోబర్ నుంచి జనవరి వరకు ఒకటి, ఫిబ్రవరి నుంచి మే వరకు ఇంకొకటి. ఆ రాత్రుల కోసం దేశమంతటి నుంచీ ప్రపోజల్స్, అంటే టెలిస్కోప్ సమయం కోరే దరఖాస్తులు, వస్తాయి.

మొదటిసారి ప్రపోజల్ రాసే పీహెచ్‌డీ విద్యార్థులు సైన్స్ భాగం మీద వారాల తరబడి కూర్చుంటారు. తమ నక్షత్రమో గెలాక్సీయో ఏ నెలలో కనిపిస్తుందో కూడా లెక్క వేస్తారు. తమకు కావలసిన పరికరం ఆ రోజుల్లో టెలిస్కోప్‌కు బిగించి ఉంటుందా అన్న ప్రశ్న మాత్రం చాలామందికి చివర్లో, ఫారం నింపేటప్పుడు గుర్తొస్తుంది. నా ఉద్దేశంలో అది మొట్టమొదట అడగాల్సిన ప్రశ్న. సైన్స్ ఎంత బాగున్నా, ఇన్‌స్ట్రుమెంట్ స్టోర్‌లో ఉన్న రాత్రి టెలిస్కోప్ మీకు దేనికీ పనికిరాదు.

ముందు పరికరాల క్యాలెండర్

దేవస్థల్ టెలిస్కోప్ అడుగు భాగంలో, అద్దం నుంచి వెలుగు వచ్చి చేరేచోట, ఒక ప్రధాన పోర్టు, రెండు పక్క పోర్టులు ఉన్నాయి. మసక వస్తువుల వర్ణపటం (స్పెక్ట్రమ్) తీసే ఆడ్‌ఫాస్క్, కంటికి కనిపించే వెలుగు నుంచి పరారుణం దాకా, 0.55 నుంచి 2.5 మైక్రాన్ల వరకు పనిచేసే టాన్‌స్పెక్, ఫొటోలు తీసే 4కె×4కె సీసీడీ ఇమేజర్ వంటి పెద్ద పరికరాలు ప్రధాన పోర్టు కోసం వంతులు వేసుకోవాలి. ఒకే పొయ్యి ఉన్న వంటింట్లో లాగే, ఒకటి దించితే తప్ప ఇంకొకటి ఎక్కదు. అందుకే సైకిల్‌ను ముక్కలుగా విడగొట్టి, ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ దాకా ఫలానా పరికరం అని నిర్ణయిస్తారు.

హాన్‌లేలో పద్ధతి వేరు. లద్దాఖ్‌లో 4,500 మీటర్ల ఎత్తున ఉన్న 2 మీటర్ల హిమాలయన్ చంద్ర టెలిస్కోప్ 2000లో తొలిసారి ఆకాశాన్ని చూసింది. అక్కడ కంటికి కనిపించే వెలుగులో పనిచేసే హెచ్‌ఫాస్క్, పరారుణంలో పనిచేసే టిర్‌స్పెక్ రెండూ వేర్వేరు పోర్టుల మీద ఒకేసారి ఉండగలవు. వర్ణపటాన్ని చాలా సన్నగా విడదీసే హెస్ప్ అనే ఎషెల్ స్పెక్ట్రోగ్రాఫ్‌కు వెలుగు ఆప్టికల్ ఫైబర్ ద్వారా విడి గదిలోకి వెళ్తుంది. కాబట్టి ఒకే రాత్రిలో పరికరం మారే వీలు ఎక్కువ. అయినా ‘ఎలాగూ అన్నీ ఉంటాయి కదా’ అని ధీమా పడొద్దు. పరారుణ డిటెక్టర్లు ద్రవ నైట్రోజన్‌తో చల్లబడి ఉండాలి, వాటిని చల్లగా ఉంచే డీవార్ పాత్రలోని వాక్యూమ్ సరిగ్గా నిలవాలి. రిపేరు వస్తే ఆ పరికరం వారాలపాటు లేనట్టే.

ప్రపోజల్స్‌కు పిలుపు వచ్చిన రోజే అందులో పరికరాల గురించి రాసిన పేజీని ఒకటికి రెండుసార్లు చదవండి. ఏది అందుబాటులో ఉంది, ఏది పరీక్ష దశలో ఉంది, ఏది ఆ సైకిల్‌లో ఇవ్వరు అనేవి అక్కడే ఉంటాయి. సీనియర్ పాత ప్రపోజల్‌ను ముందు పెట్టుకుని రాసేవాళ్లకు ఇది ఇంకా ముఖ్యం. రెండేళ్ల కిందటి ప్రపోజల్‌లో ఉన్న గ్రిజం (వెలుగును రంగులుగా విడదీసే గాజు భాగం), ఫిల్టర్ ఇప్పుడు ఉండకపోవచ్చు. అనుమానం ఉంటే ఆ పరికరం చూసుకునే సైంటిస్టుకు నాలుగు లైన్ల మెయిల్ రాయండి. విద్యార్థులు మొహమాటపడేది ఇక్కడే. ఆ సైంటిస్టులు విసుక్కోరు. లేని ఫిల్టర్‌తో ప్రపోజల్ పంపితేనే విసుక్కుంటారు.

పరికరం మార్చిన వెంటనే వచ్చే తొలి రాత్రి గురించి ఒక మాట. దించి ఎక్కించడం పగటి పని అయినా, ఆ తర్వాత బరువు సరిచూడాలి, ఫోకస్ పట్టాలి, టెలిస్కోప్ చూపించే చోటు, నక్షత్రం నిజంగా ఉన్న చోటు కలుస్తున్నాయో లేదో చూసుకోవాలి. సగం రాత్రి దానికే పోవచ్చు. ఫలానా గంటకే చూడాలి అనే గ్రహణ తారల (ఒకదాన్నొకటి కప్పుకునే జంట తారల) వంటి పనిని ఆ రాత్రికి పెట్టుకోవద్దు. తేదీల్లో మీకు పట్టుదల లేకపోతే ‘మార్పు తర్వాత రెండో రాత్రి నుంచి’ అని ప్రపోజల్‌లో రాయండి. ఎవరూ తప్పుపట్టరు.

తర్వాత చంద్రుడు

పరికరాల తేదీలను చంద్రుడితో కలిపి చూడాలి. పౌర్ణమి వెలుగు నీలి రంగు వైపు ఆకాశాన్ని బాగా తెల్లబరుస్తుంది. యూ (అతినీలలోహిత), బీ (నీలి) ఫిల్టర్లలో మసక గెలాక్సీలను చూసేవాళ్లకు అమావాస్య చుట్టూ ఉండే రాత్రులే కావాలి. పరారుణంలో ఈ బాధ తక్కువ, ప్రకాశవంతమైన తారల హై రిజల్యూషన్ స్పెక్ట్రాకు కూడా అంతే. అందుకే షెడ్యూల్ వేసేవాళ్లు వెన్నెల రాత్రులను ఎక్కువగా ఇలాంటి పనులకు మళ్లిస్తారు. మీ పనికి చీకటి రాత్రి నిజంగా అవసరం లేకపోతే ‘డార్క్’ పెట్టెలో టిక్ పెట్టకండి. అందరూ అడిగేది అదే, దొరికే అవకాశం అక్కడే తక్కువ. వెన్నెల రాత్రులు చాలన్నవాళ్లకు సమయం కేటాయించడం కమిటీకి సులువు.

ఇక్కడ మన పంచాంగం నిజంగానే పనికొస్తుంది. కార్తీక పౌర్ణమినాడు చంద్రుడు కృత్తికల దగ్గర, మార్గశిర పౌర్ణమికి మృగశిర దగ్గర, మాఘ పౌర్ణమికి మఖ దగ్గర ఉంటాడు. అంటే ఓరియన్‌లో నక్షత్రాలు పుట్టే మేఘాలను చూడాలనుకునేవాళ్లకు డిసెంబర్ బంగారం లాంటి నెల అయినా, ఆ నెల పౌర్ణమి సరిగ్గా వాళ్ల నెత్తినే వచ్చి కూర్చుంటుంది. చంద్రుడి దారికి దగ్గరగా ఉన్న ఏ వస్తువుకైనా ఇదే తిప్పలు. అర్ధరాత్రి నడినెత్తికి వచ్చే నెలలో దాని పక్కనే నిండు చంద్రుడు ఉంటాడు. సీజన్ బాగుందని సంబరపడి తేదీలు వదిలేస్తే, మీ పరికరం ఎక్కిన వారం, పౌర్ణమి వారం ఒకటై కూర్చోవచ్చు. చంద్రుడి నుంచి కనీసం 30 డిగ్రీల దూరం ఉండాలని ప్రపోజల్‌లోనే రాయండి, మసక వస్తువైతే ఇంకా ఎక్కువ దూరం అడగండి. చంద్రుడు రోజుకు సుమారు 13 డిగ్రీలు జరుగుతాడు కాబట్టి రెండు మూడు రోజులు అటూ ఇటూ అయినా పరిస్థితి మారిపోతుంది.

ఆకాశంలో మీ వస్తువు

రోజుకు నాలుగు నిమిషాల చొప్పున, నెలకు రెండు గంటలు ముందుగా నక్షత్రాలు ఉదయిస్తాయి. మార్చి చివర అర్ధరాత్రి 12 గంటల విషువాంశం (ఆకాశంలో తూర్పు-పడమర స్థానాన్ని గంటల్లో చెప్పే కొలత) ఉన్నవి నడినెత్తిన ఉంటే, జూన్ చివర 18 గంటలవి ఉంటాయి. ఇది అందరికీ తెలిసిన లెక్కే కాబట్టి దీని గురించి ఎక్కువ చెప్పను. కానీ మన పాలపుంత కేంద్రం వైపు పనిచేసేవాళ్లు మాత్రం కాస్త ఆగి చూడాలి.

ధనుస్సు రాశిలోని ఆ ప్రాంతం అర్ధరాత్రి ఎత్తుకు వచ్చేది జూన్‌లో, సరిగ్గా దేవస్థల్ మూసి ఉండే నెలలో. మే మధ్యలో అయితే తెల్లవారుజామున రెండు గంటల ప్రాంతంలో దొరుకుతుంది. కానీ అది ఖగోళ విషువద్వృత్తానికి (మన భూమధ్యరేఖకు సరిగ్గా పైన ఆకాశంలో ఉండే గీతకు) 29 డిగ్రీల దక్షిణాన ఉంది, దేవస్థల్ 29 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. కాబట్టి అక్కడ అది ఎంత పైకి వచ్చినా 32 డిగ్రీలు దాటదు. అంత కిందుగా ఉంటే దాని వెలుగు, నడినెత్తిన ఉన్న వస్తువుతో పోలిస్తే దాదాపు రెండింతల గాలి పొరను దాటి రావాలి. హాన్‌లే ఇంకా ఉత్తరాన ఉంది కాబట్టి అక్కడ 28 డిగ్రీలే. తమిళనాడులోని కావలూరులో మాత్రం 48 డిగ్రీల ఎత్తుకు వస్తుంది. జవ్వాది కొండల్లో ఉన్న అక్కడి 2.34 మీటర్ల టెలిస్కోప్‌కు 1986లో పెట్టిన పేరు ఖగోళ శాస్త్రవేత్త వైను బప్పుది. హైదరాబాద్‌లో పెరిగి, నిజామియా అబ్జర్వేటరీ ఆవరణలో ఆకాశం చూడటం నేర్చుకున్న మనిషి ఆయన. అద్దం చిన్నదని, ఎత్తు తక్కువని కావలూరును లెక్కలోంచి తీసేయకండి. దక్షిణ ఆకాశానికి అదే మెరుగు. ఏప్రిల్‌లో అక్కడ తెల్లవారుజామున చేసే పనిని దేవస్థల్‌లో చేయాలనుకుంటే కష్టం.

వాతావరణం కూడా ఒక చోట ఉన్నట్టు ఇంకో చోట ఉండదు. దేవస్థల్‌కు అక్టోబర్, నవంబర్ మంచి నెలలు. కావలూరుకు అదే సమయంలో ఈశాన్య రుతుపవనాల మబ్బులు పడతాయి, అక్కడ జనవరి నుంచి ఏప్రిల్ దాకా బాగుంటుంది. జనవరి, ఫిబ్రవరిలో పశ్చిమ అలజడుల (పడమర నుంచి వచ్చే శీతాకాలపు వాతావరణ అలల) వల్ల దేవస్థల్‌లో మంచు పడొచ్చు. హాన్‌లే హిమాలయాల వెనక వాననీడలో ఉంది కాబట్టి అక్కడ వానాకాలంలోనూ కొంత పని జరుగుతుంది, సైకిళ్లు మూడు: జనవరి–ఏప్రిల్, మే–ఆగస్టు, సెప్టెంబర్–డిసెంబర్. మూడు చోట్లా గాలిలో తేమ బాగా పెరిగినా, గాలి బలంగా వీచినా డోమ్ మూసేస్తారు. ఆ నిర్ణయం ఆపరేటర్‌దే. ‘ఇంకో పది నిమిషాలు’ అని బతిమాలొద్దు, అద్దం మీద తేమ చేరితే నష్టపోయేది మీరొక్కరే కాదు.

గంటల లెక్క

డిసెంబర్‌లో దేవస్థల్‌లో నిజమైన చీకటి దాదాపు 11 గంటలు, మే మధ్యలో ఏడున్నరే. ఎక్స్‌పోజర్ సమయాలు కూడితే వచ్చిన అంకె రాత్రి పొడవుతో సమానమైతే మీ ప్లాన్ తప్పు. వస్తువు మీదికి తిప్పడం, వెలుగు దూరే సన్నని చీలిక అయిన స్లిట్‌లోకి తెచ్చుకోవడం, తరంగదైర్ఘ్యం సరిచూసే ఆర్క్ లాంప్, వెలుగు ముందే తెలిసిన ప్రామాణిక తార, డిటెక్టర్ చదివే సమయం అన్నీ కలపండి. స్పెక్ట్రోస్కోపీలో ఒక్కో వస్తువుకు ఈ అదనపు ఖర్చు పావుగంట దాకా ఉంటుంది.

తేదీల్లో గందరగోళం చాలా మామూలు. ‘నవంబర్ 15 రాత్రి’ అంటే 15 సాయంత్రం నుంచి 16 ఉదయం దాకా. గ్రహణ తార, ఒక గ్రహం తన తార ముందు నుంచి దాటడం వంటివి యూటీలో (ప్రపంచ ప్రామాణిక సమయంలో) లెక్కిస్తారు, మన సమయం దానికి ఐదున్నర గంటలు ముందు. ఒక మంచి సంగతి ఏంటంటే ఖగోళ శాస్త్రంలో రోజులను వరుస అంకెలతో లెక్కించే జూలియన్ దినం మనకు సాయంత్రం ఐదున్నరకు మొదలవుతుంది, కాబట్టి భారతదేశంలో ఒక రాత్రంతా ఒకే జూలియన్ దినంలో పడుతుంది. తేదీ పొరపాటు పట్టుకోవడానికి ఇంతకంటే సులువైన తనిఖీ లేదు.

అనుకోని అతిథులకు కూడా ఏర్పాటు ఉండాలి. 2023 మే 19న జపాన్‌కు చెందిన కోయిచి ఇటగాకి ఎం101 గెలాక్సీలో ఎస్‌ఎన్ 2023ఐఎక్స్‌ఎఫ్ అనే సూపర్‌నోవాను కనిపెట్టారు. అది దాదాపు 2 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలోదే. దేవస్థల్‌లో సీజన్ అప్పటికి ముగింపుకు వచ్చింది. హాన్‌లే నుంచి మాత్రం దాన్ని తర్వాతా గమనించారు. సూపర్‌నోవాల మీద పనిచేసేవాళ్లు ‘టార్గెట్ ఆఫ్ ఆపర్చునిటీ’ (అనుకోకుండా జరిగేదాన్ని వెంటనే చూసే) ప్రపోజల్‌ను ముందే పెట్టి ఉంచాలి. ఏ పరికరం బిగించి ఉంటే దానితో ఏం చేస్తామో కూడా అందులో రాయాలి. స్పెక్ట్రోగ్రాఫ్ లేని వారంలో పేలితే ఇమేజర్‌తో కాంతి వక్రరేఖైనా (వెలుగు రోజురోజుకూ ఎలా మారిందో చూపే గీత) దక్కుతుంది. అలాగే మీ అసలు పనికి పెట్టిన పరికరం చివరి నిమిషంలో చెడిపోతే, అప్పుడు ఉన్నదానితో చేయగల రెండో పని ఒకటి జేబులో ఉంచుకోండి. ప్లాన్ బీ లేని ప్రపోజల్‌ను చూస్తే నాకు ఎప్పుడూ భయమే.

రాత్రి వచ్చాక

హాన్‌లేకు సాధారణంగా మీరు వెళ్లక్కర్లేదు. బెంగళూరు దగ్గరి హోస్కోటె నుంచి ఉపగ్రహ లింకు ద్వారా టెలిస్కోప్‌ను నడుపుతారు. లింకు కాసేపు పోవడం ఉంటుంది, టెన్షన్ పడకండి, అందుకు సమయం కలుపుకోండి. దేవస్థల్ 2,450 మీటర్ల ఎత్తు, శీతాకాలంలో రాత్రులు సున్నా కిందికి పోతాయి. మన వైపు స్వెటర్ అక్కడ చాలదు.

కావలసిన ఫిల్టర్ల జాబితాను ముందుగానే పంపండి. ఫిల్టర్ చక్రంలో ఉన్నవాటినే రాత్రి వాడగలరు, పగటిపూట తప్ప మార్చడం కుదరదు. ఫైండింగ్ చార్టులు (మీ వస్తువు ఉన్న ఆకాశ భాగం పటాలు) దిక్కులు గుర్తు పెట్టి ప్రింట్ తీసుకోండి. నెట్ లేని సమయం ఎప్పుడు వస్తుందో చెప్పలేం. వస్తువు కిందుగా ఉంటే గాలి పొర నీలి వెలుగును ఎర్ర వెలుగు కంటే ఎక్కువగా వంచుతుంది. స్లిట్‌ను ఆ దిశలో తిప్పకపోతే స్పెక్ట్రమ్‌లో నీలం చాలావరకు పోవచ్చు.

అన్నిటికంటే ఎక్కువగా వదిలేసేది ఫ్లాట్లు (సమానమైన వెలుగు మీద తీసే చిత్రాలు), బయాస్‌లు (వెలుగు లేకుండా తీసేవి). డిటెక్టర్ లోపాలను సరిదిద్దడానికి ఇవే ఆధారం. రాత్రంతా మేలుకుని, ఉదయం నిద్ర ముంచుకొస్తుంటే ‘రేపు తీసుకుందాం’ అనిపిస్తుంది. మీది ఆ పరికరానికి చివరి రాత్రి అయితే ఆ మాట అనకండి. పగలు దాన్ని దించేస్తారు. మళ్లీ ఎక్కించాక స్లిట్ కుదురు, ఫిల్టర్ మీద దుమ్ము, డిటెక్టర్ ఉష్ణోగ్రత ఏవీ మునుపటిలా ఉండవు. నెల తర్వాత తీసిన ఫ్లాట్ మీ డేటాకు సరిపోదు. పరికరం దించే తేదీని ఆపరేటర్‌ను అడిగి తెలుసుకుని, ఉదయపు సంధ్యలోనే ప్రతి ఫిల్టర్‌కూ ఫ్లాట్లు, ప్రతి గ్రిజంకూ ఆర్క్‌లు తీసి, డిస్క్‌లోకి కాపీ అయ్యిందని చూసుకున్నాకే పడుకోండి.