పాత ఫిష్ ట్యాంకులో కప్పలకు ఇల్లు: మన హైదరాబాద్ ఎండల్ని దృష్టిలో పెట్టుకుని

చేపలు పోయాక ఖాళీగా పడున్న రెండడుగుల ట్యాంకు మీ ఇంట్లో ఉంటే పాత సామాన్లకి వేసేయకండి. కింద కొంచెం నీళ్లు, ఒక పక్క నేల, నేల మీద మొక్కలు, వాటి మధ్య ఒక జత కప్పలు, ఇదంతా అందులో పట్టేస్తుంది, దీన్నే పాలుడేరియం అంటారు. మల్కాజిగిరిలో పై అంతస్తు ఫ్లాట్‌లో ఉంటూ నేను రెండుసార్లు కట్టాను, మొదటిది మూడు నెలల్లో కుళ్లిపోయింది, రెండోది బాగుంది, కాబట్టి రెండింటి సంగతీ చెప్తాను.

మొదట కొనాల్సింది కప్ప కాదు, థర్మామీటర్. ట్యాంకు ఎక్కడ పెట్టాలనుకుంటున్నారో ఆ గోడ దగ్గర ఒక వారం ఉంచి, మధ్యాహ్నం మూడింటికి ఎంత చూపిస్తుందో రాసుకోండి. ఇప్పుడు డిసెంబరైతే ఆ అంకెను నమ్మొద్దు, మే నెలలో బయట 40 దాటినప్పుడు ఆ గది ఎలా ఉడికిపోతుందో మీకే తెలుసు. ఉభయచరాలకు చలి కంటే వేడే ప్రాణాంతకం. చర్మంతోనే నీళ్లు పీల్చుకుంటాయి, కొంతవరకు ఊపిరీ చర్మంతోనే, పైగా నీళ్లు వేడెక్కే కొద్దీ అందులో ఆక్సిజన్ తగ్గిపోతుంది.

ఏ జంతువు అనేది ఆ గది వేడిని బట్టే తేల్చుకోవాలి. ఇలాంటి ట్యాంకుకి సరిగ్గా సరిపోయేది ఫైర్ బెల్లీడ్ టోడ్, రెండంగుళాలలోపే ఉంటుంది, పగలే తిరుగుతుంది, నీళ్లూ నేలా రెండూ వాడుకుంటుంది, కానీ అది కొరియా, ఈశాన్య చైనా వైపు జీవి, 20 నుంచి 26 డిగ్రీల మధ్య హాయిగా ఉంటుంది. వేసవిలో ఏసీ నడిచే గది ఉంటేనే దాని జోలికి వెళ్లండి. ఆక్సోలోటల్ (ఎప్పుడూ నీళ్లలోనే ఉండే సాలమాండర్) అడిగేవాళ్లు చాలామంది ఉన్నారు, దానికి నేల అక్కర్లేదు, 16-18 డిగ్రీల చల్లటి నీళ్లు కావాలి, నీళ్లని చల్లబరిచే చిల్లర్ మెషిన్ లేకుండా ఈ ఊళ్లో వద్దు. పైగా అది సైటిస్ (వన్యప్రాణుల వ్యాపారం మీద అంతర్జాతీయ ఒప్పందం) జాబితాలో ఉన్న జీవి, కేంద్ర పర్యావరణ శాఖ వాళ్ల పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయించాలి. ప్యాక్‌మన్ కప్ప ముద్దొస్తుంది కానీ సరిగా ఈదలేదు, లోతు నీళ్లలో మునిగిపోతుంది.

వానాకాలంలో చెరువు గట్టున దొరికే బోదురుకప్పల్ని పిల్లలు సీసాలో పట్టుకొస్తారు, వాటిని మాత్రం ఇందులో పెట్టకండి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వాటిని కాపాడుతోంది, అసలు ఆ కప్పలు ఉండాల్సింది మన చెరువుల్లోనే. అలాగే కొన్న కప్పని పెంచలేకపోతే తీసుకెళ్లి చెరువులో వదలకూడదు, కైట్రిడ్ అనే చర్మపు ఫంగస్ ఇలాంటి పెంపుడు కప్పల ద్వారా కూడా దేశాలు దాటి ఎన్నో జాతుల్ని తుడిచిపెట్టింది.

ఇక పని. ట్యాంకుని సబ్బుతో, ఫినాయిల్‌తో కడగొద్దు, ఎంత కడిగినా మూలల్లో మిగిలిపోతుంది. బోరునీళ్ల తెల్లటి చారలకు తెల్ల వెనిగర్ రాసి అరగంట ఉంచి తుడిస్తే చాలు, తర్వాత బాగా కడిగి రెండు రోజులు ఎండబెట్టండి. ఆ పైన నిండా నీళ్లు పోసి, కింద పేపరు పరిచి 48 గంటలు వదిలేయండి, ఎక్కడ కారినా పేపరు చెప్పేస్తుంది. కారితే అద్దాల అతుకుల్లోని పాత సిలికాన్ జిగురుని బ్లేడుతో గీకి కొత్తది పెట్టాలి, ఫంగస్ రాకుండా మందు కలిపిన బాత్రూం సిలికాన్ కాదు, ఆక్వేరియం సిలికానే అడగండి, పుల్లటి వాసన పూర్తిగా పోయేదాకా ఆగండి.

నా మొదటి ట్యాంకు చెడింది నేల దగ్గర. మధ్యలో అద్దం ముక్క అతికించి ఒక పక్క కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు) నేరుగా నింపేశాను. ఎక్కడో సన్నగా కారి నీళ్లు అటు చేరాయి, కోకోపీట్ దీపం వత్తిలా పైకి పీల్చుకుంది, మొత్తం బురదై కుళ్లు వాసన కొట్టింది. అందుకే రెండోసారి అద్దం మానేసి అరుగు కట్టాను, మీకూ అదే చెప్తాను. ఫాల్స్ సీలింగ్ లైట్ల కింద వేసే గళ్ల ప్లాస్టిక్ షీటు, దాన్నే ఎగ్ క్రేట్ అంటారు, అది దొరికితే ట్యాంకులో మూడో వంతు వచ్చేలా కోసి, ఐదంగుళాల పీవీసీ పైపు ముక్కల్ని కాళ్లుగా పెట్టండి. పైపులూ కనెక్టర్లూ రాణిగంజ్‌లో ఒక్కచోటే దొరుకుతాయి. పైపు ముక్కలకు పక్కన రంధ్రాలు చేయండి, లోపల నీళ్లు నిలవ ఉండకుండా. నీళ్ల మట్టం నాలుగంగుళాలు దాటకూడదు, అంటే అరుగుకీ నీళ్లకీ మధ్య ఒక అంగుళం గాలి ఉండాలి. ఆ ఒక్క అంగుళమే మొత్తాన్ని కాపాడుతుంది. అరుగు ముందు భాగాన్ని ప్లాస్టిక్ మెష్‌తో మూసేయండి, లేదంటే కప్ప కిందకి దూరి బయటకి దారి తెలియక చచ్చిపోతుంది. చిన్న పంపు ఆ అరుగు కిందే పెడితే కనబడదు, కానీ మెష్‌లో చేయి పట్టేంత భాగాన్ని తీసి మళ్లీ మూసేలా ఉంచండి, వారానికోసారి పంపుని కడగాలి.

అరుగు మీద దోమల జాలీ పరిచి, కట్టెబొగ్గు ముక్కలు ఒక వరుస, దాని మీద రెండు మూడు అంగుళాల కోకోపీట్. కోకోపీట్‌లో ఉప్పు ఉంటుంది, మూడు నాలుగుసార్లు కడిగి పిండాకే వేయండి. ఎరువు కలిపిన నర్సరీ మట్టి అస్సలు వద్దు.

నీళ్లలోంచి నేలకి ఎక్కడానికి రాళ్లు పేర్చాలి, ఇక్కడే మన ఊరి అదృష్టం, చుట్టూ గ్రానైటే, అది నీళ్లలో ఏమీ కలపదు. కానీ ఇంటి పనిలో మిగిలిన తాండూరు బండ, షాబాద్ బండ ముక్కలు చూడ్డానికి ఎంత అందంగా ఉన్నా వాడకండి, రెండూ సున్నపురాళ్లే, నెమ్మదిగా కరిగి నీళ్ల పీహెచ్ పెంచేస్తాయి. అనుమానముంటే రాయి మీద వెనిగర్ చుక్క వేయండి, బుస్సుమని నురగొస్తే పక్కన పెట్టేయండి. రాళ్లు కదలకుండా నేరుగా అడుగు మీద కూర్చోబెట్టాలి, పదునైన అంచులు లోపలికి తిప్పండి.

మొక్కల గురించి టెన్షన్ పడొద్దు. మనీ ప్లాంట్, సింగోనియం రెండు కొమ్మలు చాలు, వేళ్లు నీళ్లలోకి దిగి కప్ప వ్యర్థాల్లోని నైట్రేట్‌ని తాగేస్తాయి. నీళ్లలో జావా మాస్, అనూబియాస్. నెక్లెస్ రోడ్డు పీపుల్స్ ప్లాజాలో నర్సరీ మేళా పెట్టినప్పుడు చిన్న ఫెర్న్‌లు మంచివి దొరుకుతాయి, ఎక్కడ కొన్నా మట్టంతా దులిపి కడిగి, రెండు మూడు వారాలు విడిగా ఉంచాకే లోపల పెట్టండి, పురుగుమందు కొట్టి ఉంటారు.

కుళాయి నీళ్లలో క్లోరిన్ ఉంటుంది, ఆక్వేరియం షాపులో యాంటీ క్లోరిన్ కొని కలపండి. వేసవిలో నీళ్లు ఆవిరవుతుంటే ఆ లోటుని ఆర్‌ఓ నీళ్లతో నింపండి, కుళాయి నీళ్లే పోస్తూపోతే లవణాలు పేరుకుంటాయి. ఆర్‌ఓ మెషిన్ బయటకి వదిలే వేస్ట్ నీళ్లు మాత్రం పోయకండి, మొక్కలకి వాడే అలవాటుతో ఇందులో కూడా పోసేస్తుంటారు.

మూత సన్నటి జాలీదే ఉండాలి, గట్టిగా బిగియాలి, ఈ కప్పలు మూలల్లో సిలికాన్ పట్టుకుని ఎక్కేస్తాయి. జాలీ ఉంటే దోమలు గుడ్లు పెట్టడం కూడా ఆగుతుంది. ఇక దోమల మాట వచ్చింది కాబట్టి గట్టిగా చెప్తున్నాను, ఆ గదిలో మస్కిటో రీఫిల్, కాయిల్, బొద్దింకల స్ప్రే ఏదీ వాడొద్దు. వాటిలో ఉండే పైరెత్రాయిడ్ మందులు నీటి జీవులకు విషం. ఇంట్లో అందరికీ, పనమ్మకి కూడా, ముందే చెప్పి పెట్టండి.

ఇదంతా అయ్యాక నాలుగు నుంచి ఆరు వారాలు కప్ప లేకుండానే నడపండి. పాత ఫిల్టర్ స్పాంజి తడిగా ఉంటే అదే వాడండి, అందులోని బాక్టీరియానే వ్యర్థాల్లోంచి వచ్చే విషపు అమోనియాని ముందు నైట్రైట్‌గా, తర్వాత నైట్రేట్‌గా మారుస్తుంది. ఖాళీ ట్యాంకులో వాటికి తిండి ఉండదు కాబట్టి రెండు రోజులకోసారి చిటికెడు చేపల మేత వేస్తుండండి, టెస్ట్ కిట్‌లో అమోనియా, నైట్రైట్ రెండూ సున్నా వచ్చాకే ప్రాణిని తేవాలి. ఈ టైంలోనే వేడి సంగతి కూడా తేలిపోతుంది. మూత మీదుగా చిన్న ఫ్యాన్ తిప్పితే ఆవిరి వల్ల నీళ్లు రెండు మూడు డిగ్రీలు చల్లబడతాయి, ఏప్రిల్, మే నెలల పొడి గాలికి గదిలో కూలర్ కూడా బాగా పనిచేస్తుంది, జూన్‌లో వానలు పడ్డాక అంతగా కాదు. కరెంటు పోయిన మధ్యాహ్నాలకి ఫ్రీజర్‌లో రెండు నీళ్ల సీసాలు గడ్డకట్టించి ఉంచండి, మూత బిగించి అలాగే నీళ్లలో తేలనివ్వండి, ఐసు ముక్కలు నేరుగా వేయకండి.

కప్పలు వచ్చాక మొదటి వారం చేత్తో పట్టుకోకండి. ఫైర్ బెల్లీడ్ టోడ్ చర్మంలో విషం ఉంటుంది, కంట్లో పడితే మంట, అందుకే ట్యాంకులో చేయి పెట్టిన ప్రతిసారీ కడుక్కోవాలి, చేపల్ని కలిపి పెంచకూడదు. తిండికి చిన్న క్రికెట్ పురుగులు, వానపాముల ముక్కలు, వారానికి రెండు మూడుసార్లు, పురుగుల మీద కాల్షియం పొడి చల్లి. వర్మీకంపోస్టు ఎర్రలు చేదుగా ఉంటాయని చాలా కప్పలు ఉమ్మేస్తాయి. తినకుండా మిగిలిన క్రికెట్లని ఆ రాత్రే ఏరేయండి, అవి ఆకలేస్తే పడుకున్న కప్ప చర్మాన్నే కొరుకుతాయి.